తొమ్మిది స్వరాల తర్వాత

కార్ఖానా అంటే పనిశాల. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జూబ్లీ బస్ స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్తుంటే తగిలే మా పేటకు ఆ పేరు ఎంత పాతబడిందంటే, ఇప్పుడా మాట వింటే ఎవరికీ సుత్తి, కొలిమి గుర్తుకు రావు. రాజీవ్ రహదారి మీద హారన్లు గుర్తొస్తాయి. ఆ హారన్లకు రెండు సందుల అవతల, మూడో అంతస్తులో, 46వ ఏట నేను పియానో మొదలుపెట్టాను. కొయ్యపెట్టెలో తీగలు బిగించిన అసలు పియానో కాదు, డిజిటల్‌ది. 88 మెట్లు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఎవరికీ వినపడదన్న ధైర్యం. వారం తిరక్కముందే కింది ఫ్లాట్ ఆంటీ మా ఆవిణ్ని అడిగారట: “రాత్రి తొమ్మిదిన్నరకి ఏం దంచుతున్నారమ్మా రోజూ?” నా చెవుల్లో బేతోవెన్ మోగుతుంటే, బరువైన మెట్లు అడుక్కి తగిలే దడదడ గచ్చులోంచి దిగి ఆవిడ హాల్లో మోగుతోందన్నమాట. కింద మందపాటి రబ్బరు షీటు పరిచాక ఆ గొడవ తీరింది. రెండో గొడవ తీరడానికి చాలా నెలలు పట్టింది. అది నా లక్ష్యంతో వచ్చింది.

లక్ష్యం కొత్తదేం కాదు. పెద్దవయసులో పియానో ముందు కూర్చున్నవాళ్లలో సగం మందికి అదే ఉంటుందనుకుంటాను: ఆరు నెలల్లో ‘ఫ్యూర్ ఎలీజ్’. బేతోవెన్ 1810లో రాసి పక్కన పెట్టేస్తే, ఆయన పోయిన నలభై ఏళ్లకు 1867లో అచ్చయిన చిన్న రచన. పేరు తెలియనివాళ్లకూ వరస తెలుసు. ఫోన్‌లో ‘దయచేసి వేచి ఉండండి’ అన్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. మొదటి తొమ్మిది స్వరాలు పంచమానికీ, దాన్ని ఆనుకుని ఉన్న ప్రతి మధ్యమానికీ మధ్య ఊగి, చివరికి షడ్జం మీద వాలతాయి. ఒక్క చెయ్యి చాలు. నాకవి రెండో రోజే వచ్చేశాయి, ఇంటికొచ్చిన బంధువులకు వినిపించేశాను కూడా.

ఆ తొమ్మిదో స్వరం దగ్గరే ఎడమచేయి రంగంలోకి దిగుతుంది. అక్కణ్నుంచి ఒక్కో బార్‌లో, అంటే తాళం ఒక ఆవృత్తి తిరిగే గడిలో, ఆరు చిన్న అడుగులు. మొదటి మూడూ ఎడమచేయి ఎక్కుతుంది, తర్వాతి మూడూ కుడిచేయి అందుకుని ఎక్కాలి. రిలే పరుగులో కర్ర చేతులు మారినట్టు. నా కర్ర ప్రతిసారీ కింద పడేది. పడగానే ఏం చేస్తాం? నాలిక కరుచుకుని, మళ్లీ మొదటి నుంచి.

మా మాస్టారికి ఇరవై ఆరేళ్లుంటాయి. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజులు మా సందు చివర ఒక గదిలో పాఠాలు చెప్తాడు. నేను అతణ్ని సార్ అంటాను, అతను నన్ను అంకుల్ అంటాడు. ఈ ఒప్పందంతో ఇద్దరికీ ఇబ్బంది లేదు. మూడో వారం నా తంతు కాసేపు చూసి అడిగాడు: “మల్ల మొదటి సంది ఎందుకు వాయిస్తుండ్రు అంకుల్? తప్పు ఆడ లేదు గదా.”

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఇరవై నిమిషాల్లో నలభై సార్లు మొదలుపెట్టాననుకుందాం, తప్పు పడేది మూడో బార్‌లో అనుకుందాం. మొదటి రెండు బార్లు నలభై సార్లు సరిగ్గా వాయించాను. అవి ముందే వచ్చు. మూడో బార్ నలభై సార్లు తప్పుగా వాయించాను. నాలుగో బార్ మొహమే చూడలేదు. వేళ్లకు తప్పొప్పులు తెలియవు, ఎక్కువసార్లు నడిచిందే వాటికి దారి. అంటే ఆ రాత్రి నేను శ్రద్ధగా సాధన చేసింది తప్పుని.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కాదని తర్వాత తెలిసింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, మరో ఇద్దరు పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పియానో పైస్థాయి చదువుల్లో ఉన్న 17 మందికి షోస్తకోవిచ్ మొదటి పియానో కన్చెర్టో నుంచి మూడే మూడు బార్ల ముక్క ఇచ్చి, రేపు దీన్ని మంచి వేగంలో వాయించగలనన్న నమ్మకం కలిగేదాకా సాధన చేయమన్నారు. కొందరు పది నిమిషాల్లో లేచిపోయారు, కొందరు గంట దరిదాపుల దాకా కూర్చున్నారు. మర్నాడు అందరిచేతా వాయించి, ఆ వాయింపులను నాణ్యతను బట్టి వరసలో పెట్టారు. ముందురోజు ఎవరెంతసేపు కూర్చున్నారన్నదానికీ, ఎన్నిసార్లు వాయించారన్నదానికీ ఆ వరసతో సంబంధం కనపడలేదు. అన్నిసార్లలో సరిగ్గా వచ్చినవి ఎంత శాతం అన్నదానికి మాత్రం ఉంది. ముందు నిలిచినవాళ్లు మొదట్లో తప్పులు చేయలేదని కాదు, మిగతావాళ్లలాగే చేశారు. కానీ తప్పు పడిన చోటే ఆగారు. సరిగ్గా ఎక్కడ, ఎందుకు అని వెతికారు. వేగం తగ్గించి ఆ చిన్న తునకనే సరయ్యేదాకా తిప్పారు, ఆ తర్వాతే ముందుకు కదిలారు.

మా సార్ ఈ పేపరు చదవలేదు. చదవాల్సిన అవసరం కూడా లేదనుకోండి.

ఇక లక్ష్యాల సంగతి. ఉద్యోగాలు చేసిన వయసువాళ్లం కనక ‘టార్గెట్’ అన్న మాట మనకు బాగా అలవాటు, దాని వెనక గట్టి శాస్త్రమే ఉంది. ఎడ్విన్ లాక్, గారీ లాథమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు ఇదే పని మీద ఉన్నారు. వాళ్లు తేల్చింది ఏమిటంటే, ‘నీ శక్తికొద్దీ చెయ్యి’ అనడం కంటే కచ్చితమైన, కాస్త కష్టమైన అంకె చెప్పడం వల్ల పని ఎక్కువ జరుగుతుందని. 1975లో లాథమ్ మరొకరితో కలిసి రాసిన లారీల కథ దీనికి పేరుపడ్డ ఉదాహరణ. అమెరికాలోని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీ డ్రైవర్లు చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతం దాకానే ఎక్కించి బయల్దేరేవారు. 94 శాతం మీ లక్ష్యం అని చెప్పారు, అంతే. డబ్బు ఆశ చూపలేదు. కొన్ని నెలల్లో అది 90 చుట్టూ వచ్చి నిలబడింది. మా రహదారి మీద పోయే లారీలకు ఈ లక్ష్యం పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అది వేరే సంగతి.

అయితే ఆ డ్రైవర్లకు దుంగలు ఎలా ఎక్కించాలో అప్పటికే వచ్చు. ఇంకా ఎక్కించమనే మాటే తక్కువైంది. పని అసలు రానివాడికి అదే అంకె చెప్తే ఏమవుతుంది? రూత్ కాన్‌ఫర్, ఫిలిప్ ఎకర్‌మన్ 1989లో దీన్ని పరీక్షించారు. అమెరికా వైమానిక దళంలో శిక్షణలో ఉన్నవాళ్లకు కంప్యూటర్ మీద ఒక నమూనా పని ఇచ్చారు: వస్తున్న విమానాలను నియమాల ప్రకారం రన్‌వేల మీద దింపాలి. ఆటలో నియమాలు ఇంకా బుర్రకెక్కని తొలి దశలోనే ‘ఇన్ని విమానాలు దింపాలి’ అని లక్ష్యం పెడితే పని చెడింది. పని చేతికొచ్చాక అదే లక్ష్యం పెడితే మేలు చేసింది. కారణం వాళ్లు చెప్పింది సులువుగానే అర్థమవుతుంది. మన ధ్యాసకు ఒక పరిమితి ఉంది. కొత్త పనికి అదంతా కావాలి. అందులోంచి కొంత తీసి ‘అయిందా, ఎంత మిగిలింది, వెనకబడ్డానా’ అని అంకెను చూసుకోవడానికి ఖర్చుపెడితే, నేర్చుకోవడానికి మిగిలేది తక్కువ. తర్వాత వచ్చిన పనుల్లో లాథమ్ కూడా ఇదే దారికొచ్చాడు. చిక్కైన కొత్త పనిలో ఫలితాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం కంటే, ఆ పని చేసే పద్ధతులు ఇన్ని కనిపెట్టాలి అని నేర్పునే లక్ష్యంగా పెట్టుకుంటే ఫలితం కూడా బాగుంటుందని.

క్యాలెండర్ మీద నేను ఎర్రసిరాతో చుట్టిన ఆరో నెల చేసింది ఇదే. రోజూ వాయిస్తున్నంతసేపూ సగం బుర్ర ఆ చుట్టు దగ్గరే ఉండేది.

అలాగని ఆ చుట్టును చెరిపేయమనను. ‘ఫ్యూర్ ఎలీజ్’ మీద మోజు లేకపోతే ఆ స్టూలు మీద నేను కూర్చునేవాణ్నే కాదు. పాట పేరు, తేదీ మనల్ని గది దాకా తీసుకొస్తాయి. గదిలో ఏం చేయాలో వాటికి తెలియదు. దానికి వేరే రకం లక్ష్యం కావాలి, అదీ ఆ ఇరవై నిమిషాల్లో ఇమిడేది. ఇప్పుడు నా దగ్గర చిన్న నోటుబుక్కుంది. అందులో పాట పేరు రాయను. “మూడో బార్. ఎడమ నుంచి కుడికి మారేచోట ఆగకుండా. మెట్రోనోమ్ 50. వరసగా మూడుసార్లు” అని రాస్తాను. మెట్రోనోమ్ అంటే తాళం తప్పకుండా కొట్టే యంత్రం, 50 అంటే నిమిషానికి 50 దెబ్బలు. ‘బాగా వాయించాలి’ అని రాసిన రోజులకూ ఇలా రాసిన రోజులకూ తేడా ఎక్కడుందంటే, ఇది అయిందో లేదో నాకు తెలిసిపోతుంది. రెండుసార్లు వచ్చి మూడోసారి పోతే, ఏ వేలు ముందుగా లేచిందో చూడాలి. చాలాసార్లు నింద మోసేది కుడిచేయి అయినా, దొంగ ఎడమచేతి బొటనవేలు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇది చదివి నవ్వుకుంటూ ఉంటారు. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు అంటూ పురందరదాసు పేరు మీద మనకు వచ్చిన పాఠక్రమంలో ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో ఎప్పుడో తేల్చేశారు. కృతి పాడాలన్న కోరిక ఎంతున్నా, వరస కుదరనిదే గురువు ముందుకు కదలనివ్వరు. ఒకే వరసను మూడు కాలాల్లో పాడించడంలో ఇంకో విశేషం ఉంది. తాళం కదలదు, స్వరాలు మాత్రం రెట్టింపై, మళ్లీ రెట్టింపవుతాయి. మెట్రోనోమ్ పెట్టుకున్నవాడు 50, 54, 58 అంటూ మేకల మందలా నెమ్మదిగా తోలుకుపోతాడు, త్రికాలంలో ఆ మెట్లు లేవు, దూకుడే. వేళ్లకు ఆ దూకుడు పనికిరాదని నా అనుభవం. కానీ ఒకే విడతలో ఒకే ముక్కను వేర్వేరు వేగాల్లో చూపించడంలో మంచి గ్రహింపు ఉంది. డ్యూక్ అధ్యయనంలో ముందు నిలిచినవాళ్లు కూడా వేగాన్ని ఒక పద్ధతిగా మార్చుకుంటూ పోయినవాళ్లే.

సరే, లక్ష్యం నెరవేరిందని ఎప్పుడనుకోవాలి? నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది ఇదే. రాత్రి పదింటికి మూడో బార్ మూడుసార్లు వరసగా వస్తుంది, గెలిచేశానని పడుకుంటాను, మర్నాడు కూర్చోగానే అది పోయి ఉంటుంది. రాబర్ట్ బ్యోర్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎన్నో ఏళ్లుగా చెప్తున్నది ఇదే: సాధన చేస్తున్నప్పుడు కనపడే పనితనం వేరు, లోపల నిలబడ్డ నేర్పు వేరు. వెచ్చటి వేళ్లతో, ఇప్పుడిప్పుడే విన్న చెవితో వాయించింది మొదటి రకం. అందుకే ఇప్పుడు నోటుబుక్కులో టిక్కు రాత్రి పెట్టను. మర్నాడు స్టూలు మీద కూర్చోగానే, వేళ్లు వేడెక్కకముందే, మొదటి ప్రయత్నంలో ఎలా వచ్చిందన్నదాన్ని బట్టి పెడతాను. టిక్కులు సగానికి పడిపోయాయి. పడ్డవి మాత్రం నికరం.

ఈ పద్ధతికి నిద్ర కూడా సాయపడుతుంది. మాథ్యూ వాకర్ బృందం 2002లో వేళ్లతో మీటలు వరసగా నొక్కే చిన్న పని ఇచ్చి చూసింది. మధ్యలో సాధన లేకుండానే, ఒక రాత్రి నిద్రపోయాక వేగం సుమారు 20 శాతం పెరిగింది, పగలంతా మెలకువగా ఉన్నవాళ్లకు అలా పెరగలేదు. ఇంకా చిత్రమైనది 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో చేసిన ప్రయోగం. 10 సెకన్లు నొక్కి, 10 సెకన్లు ఆగే ఆటలో తొలి నిమిషాల మెరుగుదల నొక్కుతున్నప్పుడు కాకుండా ఆగినప్పుడు కనపడింది. ఇందులో నిజమైన నేర్పెంత, అలసట తీరడమెంత అన్న వాదం ఇంకా నడుస్తోంది. నేను మాత్రం వాదం తేలేదాకా ఆగకుండా, ప్రతి ప్రయత్నానికీ మధ్య చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక ఊపిరి తీసుకుంటున్నాను. పోయేదేం లేదు.

ఒకటే ముక్కను అరగంట రుబ్బడం కంటే, రెండు మూడు ముక్కలను మార్చి మార్చి పట్టుకోవడం మేలన్నది ఇంకో పాత సంగతి. జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో చిన్న చెక్కపలకలను చెప్పిన వరసలో పడగొట్టే పనితో దీన్ని చూపించారు. ఒకే వరసను పదేపదే చేసినవాళ్లు సాధనలో చకచకా ఎదిగారు, కలగలిపి చేసినవాళ్లు తడబడ్డారు. తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది. ఇది మనసుకు ఎక్కదు. తడబడుతూ చేసినదానికన్నా గడగడా వచ్చిన రోజే మంచి రోజనిపిస్తుంది ఎవరికైనా.

పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా మేటి అవుతారన్న మాట కూడా ఎత్తాలి, ఎవరో ఒకరు అడుగుతారు కనక. రచయిత మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2008 పుస్తకంతో అది ఊరూరా పాకింది. దాని మూలం 1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు బెర్లిన్ సంగీత విద్యాలయంలోని వయొలిన్ విద్యార్థుల మీద రాసిన వ్యాసం. 18 ఏళ్లు వచ్చేసరికి అందరికన్నా మేటి బృందం సగటున 7,400 గంటలు, దాని తర్వాతి బృందం 5,300, సంగీతం టీచర్లు కాబోయేవాళ్లు 3,400 గంటల దాకా ఒంటరి సాధన చేశారని లెక్క తేలింది. పదివేలు అనేది గీత గీసి పెట్టిన గడప కాదు. పైగా 2014లో బ్రూక్ మక్‌నమారా బృందం అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన లెక్కకొచ్చేది సుమారు 21 శాతమే. నా మటుకు నేను రోజుకు 20 నిమిషాలు, వారానికి ఆరు రోజులు. ఏడాదికి 104 గంటలు. పదివేలు నిండాలంటే 96 ఏళ్లు. అప్పటికి నాకు 142. గంటల్ని లక్ష్యంగా పెట్టుకోవడంలో చేతికి ముప్పు కూడా ఉంది. మణికట్టు నొప్పెడుతున్నా గంట నిండలేదని కూర్చునే రకం మనుషులం మనం.

మరి ఈ వయసులో మెదడు వింటుందా? వింటుందని నమ్మడానికి నాకు నచ్చిన ఆధారం జర్మనీలో మార్క్ బాంగెర్ట్, ఎకార్ట్ ఆల్టెన్‌మ్యూలర్ చేసినది, 2003లో వచ్చింది. ఎన్నడూ పియానో ముట్టని పెద్దవాళ్లకు ఐదు వారాలు నేర్పుతూ మెదడు విద్యుత్తును కొలిచారు. చెవి విన్నదాన్ని చేతికి ముడిపెట్టే జాడలు మొట్టమొదటి 20 నిమిషాల సాధన తర్వాతే కనపడటం మొదలైంది. అంతకుముందు 1995లో అల్వారో పాస్కల్ లియోన్ బృందం ఐదు వేళ్లతో చేసే పియానో అభ్యాసాన్ని కొత్తవాళ్లకు ఇచ్చింది, రోజుకు రెండు గంటలు, ఐదు రోజులు. వేళ్లను కదిపే మెదడు భాగం విస్తరించింది. కదపకుండా మనసులోనే వాయించుకున్నవాళ్లలోనూ దాదాపు అలాగే విస్తరించింది. వాయింపులో వాళ్లు కొంత వెనకబడినా, ఒక్క విడత నిజంగా వాయించేసరికి అందుకున్నారు. అది చదివాక జూబ్లీ బస్ స్టేషన్ సిగ్నల్ మీద నాకు కోపం తగ్గింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో బ్యాగు మీద చేతులు పెట్టి, మూడో బార్ మనసులో నడిపిస్తాను. పక్కాయన అనుమానంగా చూస్తాడు, చూడనీ.

రోజూ కూర్చోవడమే కష్టం అనేవాళ్లకు పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన చిట్కా పనికొస్తుంది. ‘రోజూ సాధన చేస్తాను’ అనుకోవడం మాని, ‘ఫలానాది జరగ్గానే ఫలానాది చేస్తాను’ అని ముడివేసుకోవడం. మా ఇంట్లో ముడి వంటింటి లైటుకు పడింది. అన్నాలయ్యాక ఆ లైటు ఆర్పిన చెయ్యి పియానో మూత తీయాలి, మధ్యలో ఫోను ముట్టకూడదు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 2010లో 96 మందిని గమనిస్తే, ఇలాంటి చిన్న అలవాట్లు తమంతట తాము జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక రోజు తప్పితే కొంప మునగలేదు. పెళ్లిళ్లూ, ఊరి ప్రయాణాలూ ఉన్నవాళ్లం కనక ఈ చివరి మాట మనకోసమే రాసినట్టుంది.

ఐదో నెలలో సార్ గ్రేడ్ పరీక్ష మాటెత్తాడు. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ సంస్థల పరీక్షలు హైదరాబాద్‌లో జరుగుతాయి, మా సందులో పదేళ్ల పిల్లలు రాసేస్తున్నారు. ఏబీఆర్‌ఎస్‌ఎం మామూలు పరీక్షలో 150 మార్కులు. మూడు రచనలకు 90. మిగతా 60 స్కేళ్లకు, చూసి అప్పటికప్పుడు వాయించడానికి, విని చెప్పడానికి. ఆ 60 చూడగానే నాకు సిగ్గేసింది. వాటిలో ఒక్కటి కూడా నా నోటుబుక్కులో లేదు. పెద్దవాళ్లం ఇక్కడే దొరికిపోతాం: పాట కావాలి, మెట్లు ఎక్కబుద్ధి కాదు. పరీక్ష రాస్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు గానీ, ఇరవై నిమిషాల్లో ఐదు నిమిషాలు ఎప్పుడూ చూడని కాగితం పెట్టుకుని వాయించడానికి పోతున్నాయి. అందులో నా స్థాయి రెండో తరగతి పిల్లవాడు తెలుగు పేపరు కూడబలుక్కుంటున్నట్టు ఉంటుంది.

ఎర్రచుట్టు పెట్టిన తేదీ వచ్చి వెళ్లిపోయింది. ఆ వారం ‘ఫ్యూర్ ఎలీజ్’ మొదటి భాగం, ఆగకుండా, నిదానంగా, ఉదయం మొదటి ప్రయత్నంలో వచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి వాయించాను. మా ఆవిడ విని, “ఫోన్లో వచ్చేది ఇంకా ఉంటుంది కదా?” అంది. ఉంటుంది. మధ్యలో కుడిచేయి ఒక్కసారిగా పరుగందుకునే భాగం ఉంది, మొదటి భాగం వాయించేవాళ్లు చాలామంది అక్కడికి రాకుండానే మూత వేసేస్తారు. ఆ సాయంత్రం పాఠంలో సార్ ఆ పేజీ తిప్పి, పెన్సిల్‌తో ఒకే ఒక్క బార్ చుట్టూ గీత గీశాడు.

“ఇది ఒక్కటే అంకుల్. కుడిచేయి ఒక్కటే. 40ల.”

నోటుబుక్కులో అదే రాసుకున్నాను.